ఆ ప్రశ్న మగవాళ్లనూ అడగండి

సంపాదకులకు నమస్కారం.

మహిళా దినోత్సవం నాటి మీ ప్రత్యేక పేజీ చదివి పది రోజులైంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

ఐదుగురు మహిళల ఇంటర్వ్యూలు వేశారు. ఐదుగురినీ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇల్లు, ఉద్యోగం రెండూ ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారు?" అందులో ఒకావిడ గుండె ఆపరేషన్లు చేసే సర్జన్. ఆవిడ పని గురించి ఒక్క వాక్యం, పిల్లాడి హోంవర్క్ గురించి రెండు పేరాలు! అంతకుముందు ఆదివారం ఓ మగ సర్జన్‌గారి ఇంటర్వ్యూ వేశారు. ఆయన పిల్లల హోంవర్క్ ఎవరు చేయిస్తారో మీకు పట్టలేదు.

ఇది మీ ఒక్కరి జబ్బు కాదులెండి. పరమాణు కేంద్రకం నిర్మాణాన్ని వివరించినందుకు మరియా గోపెర్ట్ మేయర్‌కు 1963లో భౌతికశాస్త్ర నోబెల్ వస్తే, ఆవిడ ఉండే శాన్ డియాగోలోని పత్రిక 'తల్లికి నోబెల్' అని శీర్షిక పెట్టింది. అంతకుముందు విశ్వవిద్యాలయాలు ఆవిడ చేత ఏళ్ల తరబడి జీతం లేకుండా చాకిరీ చేయించుకున్న సంగతి మాత్రం శీర్షికకు ఎక్కలేదు. 2013లో రాకెట్ ఇంజినీరు ఇవాన్ బ్రిల్ చనిపోతే న్యూయార్క్ టైమ్స్ సంస్మరణ ఆవిడ వంటతో మొదలైంది. పాఠకులు తిట్టిపోశాక మార్చారు. ఉపగ్రహాలను కక్ష్యలో నిలిపే ఇంజన్ కనిపెట్టిన మనిషండీ ఆవిడ!

'అడ్డంకులను జయించి' అని రాస్తారు. అవేమైనా ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? ఐర్లాండ్‌లో 1973 దాకా పెళ్లయితే ఆడవాళ్లు ప్రభుత్వ ఉద్యోగం వదులుకోవాలన్న నిబంధనే ఉండేది. ఇప్పుడు కాగితం మీద ఉండదు, అంతే తేడా.

నేను అకౌంట్స్ సెక్షన్‌లో 31 ఏళ్లు పనిచేశాను. ప్రసూతి సెలవు ముగించుకుని వెళ్లేసరికి నా బల్ల పాత ఫైళ్ల గది గుమ్మం పక్కకు చేరింది. "ఇక్కడైతే మీకు ప్రశాంతంగా ఉంటుందని" అన్నారు పై అధికారి. ధనిక దేశాల్లో ఆడా మగా జీతాల తేడా ఇప్పుడు ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతోందని చూపిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. నా బల్లనడిగినా చెప్పేది. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషులు అడిగింది లెక్కల గురించి కాదు, "బదిలీ అయితే మీవారేమంటారు?" అని. "ఆయన్నే పిలిపించమంటారా?" అన్నాను. నేను పని నేర్పిన కుర్రాడికి వచ్చింది ప్రమోషన్. నాకు ఇంకో ఆరేళ్లు పట్టింది.

అయినా ఆ పనంటే నాకు ప్రాణం. ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే పట్టీ, టాలీ కాదు. తేడా చూస్తే తొమ్మిదితో సరిగ్గా భాగం పోతుంది, అంటే ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చన్నమాట. రెండు రోజులు వోచర్లన్నీ తిరగేసి, 54 ఉండాల్సిన చోట 45 కనపడితే కలిగే సంతోషం ఏ శాలువా ఇస్తుంది? ఆ మాట ఇంతవరకూ నన్ను అడిగినవాళ్లు లేరు.

అధికారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏటా మార్చి 8న జ్యోతి వెలిగిస్తారు, గంటన్నర ప్రసంగిస్తారు, వేదిక మీద అందరూ మగవాళ్లే. మా ఆఫీసులో పసిపిల్లల గది అని బోర్డున్న గదిలో చెడిపోయిన ప్రింటర్లు ఉండేవి. తాళం ఎవరి దగ్గరుందో నేను రిటైరయ్యేదాకా తేలలేదు.

వచ్చే ఏడు ఆ సర్జన్‌గారి దగ్గరికి మళ్లీ విలేకరిని పంపితే గుండె గురించి అడగమనండి. ఫొటోలో చేతికి గరిటె ఇవ్వకండి.

- ఒక పాత పాఠకురాలు