గీసినవాడి పేరొక్కటేనా?

మీ ఆదివారం సంచికలో ఇంగ్లిష్ చిత్రకారుడు చార్లెస్ బార్ట్‌లెట్ తాజ్‌మహల్, బెనారస్ దృశ్యాల కింద 'పెయింటింగ్' అని, ఆయన పేరొక్కటే వేయడం సరికాదు. అవి 1916లో టోక్యోలో వతనబె షోజబురో అనే ప్రచురణకర్త అచ్చు వేయించిన చెక్క దిమ్మెల ముద్రణలు. బార్ట్‌లెట్ మన దేశంలో తిరిగి నీటిరంగుల బొమ్మలు గీసుకుని 1915లో జపాన్ వెళ్లాడు. అక్కడ దిమ్మె చెక్కింది ఒకరు, రంగు పూసి కాగితం మీద అద్దింది ఇంకొకరు. మన పెడన కలంకారీలో లాగే రంగుకో దిమ్మె. (పెడనలోనూ దిమ్మె చెక్కినవాళ్ల పేరు ఎవరికి తెలుసు కనక!) ఇలా చేత్తో అద్దినదానికీ, యంత్రం మీద అచ్చయినదానికీ తేడా తెలియకే మోసపోతున్నాం. నిరుడు ఒక ఎగ్జిబిషన్‌లో 'ఒరిజినల్ జపాన్ ప్రింట్' అంటే నేనూ బెనారస్ బొమ్మ ఒకటి నాలుగు వేలు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే గంగ నీళ్ల నిండా సన్నటి చుక్కలు, మామూలు ఆఫ్‌సెట్ యంత్రం అచ్చు! వెనక్కి తిప్పితే తెల్లటి నున్నటి కాగితం. చేత్తో అద్దినదైతే రంగు కాస్తయినా వెనక్కి దిగేది. ఇకపై ఇలాంటి బొమ్మ వేసినప్పుడు ఏ పద్ధతిలో చేసింది, ఎవరు అచ్చు వేయించారు, ఏ సంవత్సరం అన్న మూడూ ఫొటో కిందే ఇవ్వండి. అమ్మేవాళ్లు కూడా నకలైతే 'నకలు' అని, అచ్చయిన ఏడాదితో సహా బిల్లు మీద రాసివ్వాలి.