కలెక్టర్ గారూ, ఆ ఇళ్లు మా కాలనీ వెనకే కట్టించండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను రిటైరైన టీచర్‌ని. నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉంటున్నాను. మా కాలనీ వెనక కంపచెట్లు పెరిగిన ప్రభుత్వ స్థలం ఒకటుంది. అందులో పేదలకు అపార్ట్‌మెంట్లు కట్టొచ్చన్న మాట చెవిన పడగానే మావాళ్లు కొందరు వద్దని అర్జీ రాశారు. సంతకం కోసం మా ఇంటికీ వచ్చారు. కాఫీ ఇచ్చి పంపాను, సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మీకూ, వాళ్లకూ కలిపి చెబుదామని ఈ ఉత్తరం.

మా ఇంట్లో పనిచేసే ఆమెది పెన్న పొర్లుకట్ట పక్కన అద్దె గది. 2021 నవంబరులో వరద వచ్చి పడుగుపాడు దగ్గర హైవే తెగి, రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు ఒక రేకుపెట్టె, గ్యాస్ బండ, ఇద్దరు పిల్లలతో మా వరండాలోకి వచ్చింది. నాలుగు రోజులున్నారు. అంతకు ముందు ఏడాది డిసెంబరు 25న పేదలకు ఇళ్ల స్థలాల పట్టాల పంపిణీ మొదలైంది కదా, ఆ విడతలో ఆమెకూ ఒక సెంటు వచ్చింది. సెంటంటే మన నెల్లూరు లెక్కలో దాదాపు ఆరు అంకణాలు. వరద భయానికి ఇల్లు మొదలుపెట్టింది. ప్రభుత్వం అప్పట్లో ఇచ్చే 1,80,000 రూపాయలు ఒక్కసారి వచ్చేవి కావు. ముందు మనం కట్టాలి, తర్వాత బిల్లు పడాలి. మెళ్లో తాడు తాకట్టు పెట్టి, పసుపుకొమ్ము కట్టుకుని, శ్లాబు దాకా లాక్కొచ్చింది.

ఒక ఆదివారం నన్ను తీసుకెళ్లి చూపించింది. షేర్ ఆటో దిగాక ఇంకా చాలా దూరం నడిచాం. గోడలకు పూత లేదు. కిటికీలకు రెక్కలు లేక యూరియా సంచులు కట్టింది. పిల్లర్ల మీద వదిలేసిన కమ్ములు అప్పుడే తుప్పు పట్టాయి, వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసింది. అయినా నాకు కుర్చీ వేసి, "మన ఇల్లేనమ్మా, కూర్చో" అంది.

మూడు నెలలు అక్కడ కాపురం చేసింది. తెల్లారి ఆరింటికి ఇక్కడ ఉండాలంటే ఆటో ఉండదు. ఉన్నా, పోను రాను చార్జీలు తీస్తే ఒక ఇంటి జీతం దానికే సరి. చివరికి తాళమేసి, మళ్లీ అదే పొర్లుకట్టకు వచ్చింది. వరద వచ్చే చోటికే! "ఆడ ఇల్లుంది, ఈడ కూడుంది, ఎట్ట చేసేదమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండొచ్చని రాస్తున్నా.

ఇప్పుడు టౌన్లో రెండు సెంట్లు ఇస్తామంటున్నారు. సంతోషమే. అయితే అంత స్థలం దొరకాలంటే లేఅవుట్లు ఊరికి ఇంకా దూరం జరుగుతాయి. స్టోన్‌హౌస్‌పేటలో మూటలు మోసేవాళ్లకూ, ట్రంకు రోడ్డు మీద తోపుడుబండి పెట్టుకునేవాళ్లకూ సెంట్ల లెక్క తర్వాత సంగతి, ముందు పనికి నడిచిపోయే దూరంలో గూడు కావాలి. పట్టణ పేదలకు అపార్ట్‌మెంట్లు కట్టే ప్రభుత్వ సంస్థ టిడ్కో పద్ధతిలో 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు జీ ప్లస్ త్రీగా కడితే ఊళ్లో ఉన్న కొద్ది స్థలంలోనే చాలామంది సర్దుకుంటారు. కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం ఆవాస్ రెండో విడతలో ఇలాంటి అపార్ట్‌మెంట్లకూ సాయం ఉంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు వాయిదాల నోటీసులు వచ్చాయని టిడ్కో లబ్ధిదారులు మొత్తుకోవడం పేపర్లలో చదివాం. ఆ టెన్షన్ ఇక్కడివాళ్లకు వద్దు. తాళాలు ఇచ్చాకే వాయిదాలు మొదలవ్వాలి.

ఇక మావాళ్ల అభ్యంతరాలు. అంకణం రేటు పడిపోతుందంటారు. మా కాలనీ ఎలా పుట్టిందో అందరం మర్చిపోయినట్టున్నాం. ఉద్యోగుల సొసైటీ పేరు మీద చౌకగా వచ్చిన ప్లాట్లే ఇవన్నీ. ఆ రోజు మాకు అలా దొరక్కపోతే నా జీతానికి నెల్లూరులో ఇల్లు కలలో మాట. రేటు సంగతి అంతటితో వదిలేస్తున్నా.

మురుగు సంగతి అలా వదలడానికి లేదు. ఇప్పటికే గట్టి వాన పడితే మా చివరి వీధి కాలవ పొంగి గుమ్మాల్లోకి వస్తుంది. దాని మీద ఇంకో రెండు మూడొందల కుటుంబాల నీళ్లు పడితే మా గతేంటని అడిగేవాళ్లది అన్యాయమైన ప్రశ్న కాదు. కాబట్టి పునాది తియ్యకముందే కాలవ వెడల్పు చేయించండి, మంచినీళ్ల లైను వేయించండి. రెండు పక్కలవాళ్లకూ పనికొస్తుంది, గొడవ సగం అక్కడే తీరుతుంది. ఒక సాయంత్రం మీరో, మీ జాయింట్ కలెక్టరో మా పార్కులో కూర్చుని ప్లాను చూపిస్తే మిగతా సగం మేం చూసుకుంటాం.

మా వీధిలో పదహారు ఇళ్లున్నాయి. ఇళ్లు కావాలన్న కాగితం మీద పదకొండు ఇళ్లవాళ్లు సంతకం పెట్టారు. అందులో ముగ్గురు మొదటి అర్జీలోనూ పెట్టినవాళ్లే. పక్క వీధులవాళ్లు ఇది చదివితే మా ఇంటికి రండి, కాగితం నా దగ్గరే ఉంది. కాఫీ మామూలే.

వచ్చే సోమవారం అర్జీల వేళకు కలెక్టరేట్‌కు వస్తున్నాం. మా ఇంట్లో పనిచేసే ఆమె కూడా వస్తానంది. పదకొండుకల్లా ఇంకో ఇంట్లో గిన్నెలు తోమాలట, వీలైతే మమ్మల్ని కాస్త ముందు పిలిపించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, నెల్లూరు