చాచా పొయ్యి తిరిగి ఇవ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

గత గురువారం మీ జిల్లా పేజీలో మా ఊళ్ళో అపరిశుభ్రమైన మాంసాహార డబ్బా కొట్లను అధికారులు తొలగించారన్న వార్త చదివాను. ఈలోగా ఎవరైనా అధికారి తప్పు దిద్దుకుంటారేమోనని వారం రోజులు ఆగాను. ఎవరూ దిద్దుకోలేదు కనుక రాస్తున్నాను.

ఆ డబ్బాల్లో నాందేడ్ జిల్లా సరిహద్దులోని మా ఊరి బస్టాండు వెనుక ఉండే సీక్ కబాబుల డబ్బా ఒకటి. 18 ఏళ్ళుగా నేను అక్కడ తింటున్నాను. దాన్ని నడిపే పెద్దాయనను ఊరంతా చాచా అనే పిలుస్తుంది. పనివాళ్ళు లేరు. మధ్యాహ్నం తానే ఖీమా కొని తెచ్చి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి, సీకు (ఇనుప చువ్వ) మీద విడిపోకుండా పుట్నాల పొడి కలిపి, చీకటి పడే వేళకు బొగ్గులు రాజేస్తారు. తడి చేత్తో ఖీమాను సీకుకు ఒత్తడం దగ్గర నుంచి, ఉల్లిపాయ, నిమ్మచెక్క, పుదీనా చట్నీతో ఆకులో పెట్టి ఇచ్చేదాకా ప్రతి పనీ తినేవాళ్ళ కళ్ళ ఎదుటే జరుగుతుంది. తెచ్చిన ఖీమా అయిపోగానే పొయ్యి ఆర్పేస్తారు. మిగిల్చి మర్నాడు వాడడం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. వంటగది తలుపు మూసి ఉండే పెద్ద హోటళ్ళలో ఏ మాంసం ఎన్నాళ్ళు ఫ్రిజ్‌లో ఉందో మనకు ఎవరు చెబుతారు? ఆహార భద్రతా నమోదు పత్రం, 14 అంకెల నంబరుతో సహా, ఆయన గల్లాపెట్టె పైనే వేలాడుతుండేది. దాన్ని కూడా సామానుతో పాటు లారీలో పడేశారు.

వీధి వ్యాపారుల రక్షణకు 2014లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ముందు వీధి వ్యాపారుల సర్వే పూర్తి చేసి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించవలసి వచ్చినా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. రేకులతో కట్టుకున్న తాత్కాలిక డబ్బాలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ సంఘంలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. మా ఊళ్ళో సర్వే జరిగినట్టు గానీ, అలాంటి ఎన్నిక జరిగినట్టు గానీ ఏ వ్యాపారికీ తెలియదు. స్వాధీనం చేసుకున్న సామానుకు జాబితా రాసి ఇవ్వాలి, అడిగిన రెండు పనిదినాల్లో తిరిగి అప్పగించాలి, పాడైపోయే సరుకైతే అదే రోజు ఇచ్చేయాలి. చాచాకు జాబితా ఇవ్వలేదు. పొయ్యి, సీకులు, తూకం కోసం మూడుసార్లు తిరిగితే, సాహెబు లేరు, రేపు రండి అన్న జవాబే వచ్చింది.

శుభ్రత గురించి మాట్లాడే అధికారులు ఆ వీధిలో మురుగు కాలువ పూడిక తీయించి ఎన్ని నెలలైందో కూడా చెప్పాలి. మాంసం అంగళ్ళ దగ్గర నీళ్ళ కుళాయి వేయించమని మేము ఇచ్చిన దరఖాస్తులకు జవాబే లేదు. ఒకప్పుడు ఇలాంటి పని తలపెడితే ముందు ఊరి పెద్దలను పిలిచి మాట్లాడేవారు. ఇప్పుడు తెల్లవారుజామున లారీతో వచ్చేస్తున్నారు.

మా నాందేడ్ జిల్లా తాలూకాలు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనివే. ఆనాడు మా జిల్లాలోని ముధోల్ తాలూకా అటు ఆదిలాబాదులోకి పోయింది, మేము ఇటు బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాము, ఆ తర్వాత మహారాష్ట్ర అయ్యాము. పాలన మారినా సాయంత్రం పూట సీకుల ముందు నిలబడి తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలిపి మాట్లాడుకునే అలవాటు మారలేదు. చాచా నాతో తెలుగులోనే, “సార్, ఇంకో రెండు పెట్టనా?” అని అడిగేవారు.

మీ విలేఖరి అధికారుల మాట రాశారు. డబ్బా యజమానిని గానీ, అక్కడ తినేవాళ్ళలో ఒక్కరిని గానీ అడగలేదు. దయచేసి ఆ రెండో పక్షం కూడా ప్రచురించండి. సర్వే ఎప్పుడు చేశారో, నోటీసు ఏ తేదీన ఇచ్చారో ఆ కార్యాలయాన్ని అడిగి రాయండి. చాచా కొడుకు ఇప్పటికే నిజామాబాదులో ఒక హోటల్లో కూలికి కుదిరాడు. ఆ పొయ్యి, సీకులు ఈ వారమైనా తిరిగి ఇప్పిస్తే అతను వెనక్కి రాగలడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నాందేడ్ జిల్లా సరిహద్దు నుంచి