తాబేలును పట్టించిన కావలి అన్నకి, తోడొచ్చిన ఇద్దరికీ కృతజ్ఞతలు

వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపల వీఎం అనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) హైకూ ఓఎస్ నిలకడగా నడవడం లేదని అడిగిన ప్రశ్న తేలిపోయింది. కావలి అన్నకి, ఒంగోలు మేడం గారికి, కందుకూరు తమ్ముడికి మనస్ఫూర్తిగా థ్యాంక్స్. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లతోనే సరిపెడుతున్నాం. ఉత్త థ్యాంక్స్ చెప్పి ఊరుకుంటే రేపు ఇదే తంటా పడేవాళ్లకి పనికిరాదు, అందుకే ఏది మార్చామో, ఎందుకు మార్చామో కూడా రాస్తున్నాం.

హైకూ అంటే ఇక్కడ పద్యం కాదు. ఇదో ఆపరేటింగ్ సిస్టమ్, బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి వారసుడిగా 2001లో ఓపెన్‌బీఓఎస్ పేరుతో మొదలై, 2004లో ఈ పేరు పెట్టుకుంది. 2024 సెప్టెంబరులో ఐదో బీటా వచ్చింది. బీటా (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) అనే మాట కనబడితే చాలు, పడిపోయినప్పుడల్లా దాన్నే తిడతాం. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే అయింది ఇక్కడ.

మిషను నాలుగు కోర్లది, 8 జీబీ ర్యామ్, విండోస్ 11. హైకూకి నాలుగు ప్రాసెసర్లూ, 4 జీబీ ర్యామూ ఇచ్చి ఉన్నాయి. పెద్ద ఫైళ్లు కాపీ చేసినా, ఏదైనా కంపైల్ పెట్టినా తెల్లటి కెర్నల్ డీబగ్గర్ తెర (సిస్టమ్ పడిపోయినప్పుడు ఎందుకో చూపించేది) వచ్చి నిలబడేది. ఆ తెరని ఫోన్‌తో ఫొటో తీసి పంపితే సగం అక్షరాలు కనపడవు. మేడం గారు ముందు ఆ పని మానిపించారు. వీఎం ఆపేసి, వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో సీరియల్ పోర్ట్ 1 (తెర మీది అక్షరాల్ని బయటికి పంపే దారి) ఆన్ చేసి, మోడ్‌లో రా ఫైల్ ఎంచుకుని, విండోస్ వైపు ఒక ఫైలు దారి ఇవ్వాలి. హైకూ బూట్ అయ్యేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో, డీబగ్ ఆప్షన్ల కింద సీరియల్ అవుట్‌పుట్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇక పడిపోయినప్పుడు తెర మీద బీటీ (bt) అని కొడితే, ఆ చిట్టా మొత్తం ఫైల్లోకి వచ్చేస్తుంది.

అందులో పానిక్ (ఇక నడవలేనని సిస్టమ్ ఆగిపోవడం) అన్న లైన్ దగ్గరే అసలు సంగతి ఉంది. స్పిన్‌లాక్ (ఒకసారి ఒక్క ప్రాసెసరే వాడగలిగే తాళం) చాలాసేపటి నుంచి దొరకడం లేదని హైకూ మొత్తుకుంటోంది. మేడం గారి వివరణ ఇది: గదికి ఒకటే తాళంచెవి, నలుగురు మనుషులు. చెవి జేబులో ఉన్నవాణ్ణి విండోస్ మధ్యలోనే వేరే పనికి పంపేసింది. మిగతా ముగ్గురూ తలుపు దగ్గర నిలబడి తాళం తడుముతూనే ఉన్నారు. హైకూకి విండోస్ సంగతి తెలియదు కదా, ఎవరో ఇరుక్కుపోయారని గంట కొట్టేసింది. నాలుగు కోర్లున్న మిషను మీద నాలుగు వర్చువల్ ప్రాసెసర్లు పెడితే ఇదే జరుగుతుంది. రెండుకి తగ్గించాం. అనుమానం తీరాలంటే ఒకటే పెట్టి చూడండి, లేదా అదే బూట్ మెనూలో సేఫ్ మోడ్ కింద ఎస్ఎంపీ (ఒకటికి మించి ప్రాసెసర్లు వాడటం) ఆపండి. అప్పుడు పడిపోకపోతే దారి సరైనదే.

రెండుకి తగ్గించాక పడటం తగ్గింది గానీ పోలేదు. అప్పుడు కావలి అన్న "వీఎం విండోలో కింద కుడి మూలన, రైట్ కంట్రోల్ అని రాసున్న దగ్గర ఏముందో చూడు" అన్నాడు. పచ్చ తాబేలు! కథలో తాబేలు పందెం గెలిచింది, ఈ తాబేలు గెలవదు. అది ఉందంటే వర్చువల్‌బాక్స్ ప్రాసెసర్‌ని నేరుగా వాడుకోవడం లేదు, విండోస్ హైపర్‌వైజర్ (వీఎంలు నడిపే విండోస్ సొంత ఏర్పాటు) మీద ఎక్కి నడుస్తోందని అర్థం. వర్చువల్‌బాక్స్ లాగ్‌లో ఎన్ఈఎం (NEM) అని వెతికినా తెలుస్తుంది. తీసేయాలంటే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్, అక్కడ మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చేయాలి. తర్వాత అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్‌తో (bcdedit) హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్‌ని (hypervisorlaunchtype) ఆఫ్ చేసి, మిషను రీస్టార్ట్ చేయాలి. ఇది ఊరికే వచ్చే లాభం కాదు: డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లో లినక్స్ నడిపేది) ఆగిపోతుంది, మెమరీ ఇంటెగ్రిటీ ఇచ్చే రక్షణ పోతుంది. అవి కావాలంటే ఆటో అని వెనక్కి మార్చుకోవాలి. ఇక్కడ తాబేలు పోయాక పానిక్ మళ్లీ రాలేదు.

కరెంటు పోయినప్పుడల్లా ఫైళ్లు చెడటం వేరే జబ్బు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ వాళ్లు ఇది శ్రద్ధగా చదవండి. డిస్కులో రాసేయమని హైకూ పంపే ఫ్లష్ ఆజ్ఞని వర్చువల్‌బాక్స్ మామూలుగా, వేగం కోసం, పట్టించుకోదు. హైకూ ఫైల్‌సిస్టమ్‌కి జర్నల్ (మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉన్నా, రాశాననుకున్నది రాయకపోతే జర్నల్ ఏం చేస్తుంది? తమ్ముడు చెప్పినట్టు వీఎం ఆపి, వీబాక్స్‌మేనేజ్ (VBoxManage) అనే వర్చువల్‌బాక్స్ కమాండ్‌లోని సెట్‌ఎక్స్‌ట్రాడేటాతో (setextradata) ఇగ్నోర్‌ఫ్లష్ (IgnoreFlush) విలువ 0 చేశాం. వీఎం డిస్కు తగిలించిన రకం సాటా అయితే ఏహెచ్‌సీఐ (ahci) కింద, ఐడీఈ అయితే పిక్స్3ఐడీఈ (piix3ide) కింద, మొదటి డిస్కు నంబరు 0. రాయడం కాస్త నెమ్మదిస్తుంది, ఫర్వాలేదు. అప్పటికే చెడిన దానికి హైకూ టెర్మినల్లో చెక్‌ఎఫ్‌ఎస్‌ని (checkfs) ముందు మైనస్ సీతో (-c), అంటే చూడటానికి మాత్రమే, బూట్ వాల్యూమ్ మీద నడిపి, ఆ తర్వాతే బాగుచేయించండి.

ర్యామ్ 2 జీబీకి దించాం, వీఎం నెట్‌వర్క్ కార్డు రకం ఇంటెల్ ప్రో 1000లోనే ఉంచాం. స్నాప్‌షాట్లు (వీఎం ఉన్న స్థితిని దాచుకునే కాపీలు) మాత్రం హైకూని షట్‌డౌన్ చేశాకే తీస్తున్నాం.

ఇంకా పాటలు పెడితే శబ్దం గరగరమంటోంది. అది రేపు అడుగుతాం, అన్నా, తప్పించుకోలేవు.