మా రోడ్డు చెట్లను కాపాడిన అందరికీ కృతజ్ఞతలు

మా కాలనీ రోడ్డు పక్కన పదకొండు చెట్లుండేవి. కాలువ పని కోసం కొట్టడంతో రెండు పోయాయి, తొమ్మిది నిలిచాయి. వాటిని కొట్టడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదని, మళ్లీ చెయ్యి వేస్తే కేసు పెడతామని అటవీ శాఖ నుంచి నిన్న కాగితం వచ్చింది. అది చదివాక ఇంకేపనీ తోచక ఇలా రాయడానికి కూర్చున్నాను.

ముందు నాలుగో లైన్ ఆంటీకి దండం. ఆ శనివారం పొద్దున రంపం చప్పుడు విని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు. నేను వెళ్లేసరికి రెండు కానుగ చెట్లు నేల మీదున్నాయి, పక్కనే ఉన్న వేపచెట్టు మొదలుకు ఆనుకుని ఆంటీ నిలబడి ఉన్నారు. ఎవర్నీ తిట్టలేదు. "అనుమతి కాగితం చూపించండి బాబూ, నేనే పక్కకు తప్పుకుంటాను" అన్నారు, అంతే. కాలువ పని చేయిస్తున్నవాళ్ల దగ్గర ఆ కాగితం లేదు. రంపం పట్టుకున్న అబ్బాయి మెషిన్ ఆపేసి, "కాగితం వచ్చేదాకా నేను కొయ్యనమ్మా" అన్నాడు. ఆ రోజు కూలి పోతుందని తెలిసి కూడా ఆపాడు. తమ్ముడూ, నీ పేరైనా అడగలేదు, నిన్ను మాత్రం మర్చిపోము.

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, పల్లెల్లో బోర్లకు సంబంధించిందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. మన సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా అనుమతి ఉండాలని మా లాయరు గారు చెప్పేదాకా తెలియదు. ఆయన పైసా తీసుకోకుండా రాత్రికి రాత్రి ఫిర్యాదు రాసిచ్చారు. నేను రాసుకెళ్లిన రెండు పేజీల ఆవేదన చదివి, మెల్లగా పక్కన పెట్టేశారు. ఎన్ని చెట్లు, ఏ రకం, మాను చుట్టుకొలత ఎంత, ఏ రోజు ఏ టైముకు కొట్టారు, ఫొటోలేవి, ఇవి కావాలన్నారు. 2025 మార్చిలో తాజ్‌మహల్ పరిసరాల్లోని రక్షిత ప్రాంతంలో 454 చెట్లు నరికిన కేసులో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల జరిమానాను సమర్థించిందని కూడా అందులో చేర్చారు. అన్ని చెట్ల పచ్చదనం తిరిగి రావాలంటే కనీసం వందేళ్లు పడుతుందని ఆ తీర్పులో ఉందట. పడిపోయిన కానుగల పక్కన నిలబడినప్పుడు నాకు అనిపించింది కూడా అదే.

ఎండలో టేపు పట్టుకుని ఒక్కో చెట్టునూ ఛాతీ ఎత్తులో కొలిచిన డిగ్రీ పిల్లలు ముగ్గురికి ప్రత్యేకంగా చెప్పాలి. మీ కొలతల పట్టిక చూసే, తనిఖీకొచ్చిన అధికారి మా మాట నమ్మారు. ఆదివారమైనా ఫోన్ ఎత్తి, స్వయంగా వచ్చి చూసిన ఆ అధికారికీ నమస్కారాలు. కాలువను రోడ్డు అవతలి వైపుకు జరపొచ్చని గీసి చూపించిన ఇంజినీరు అన్నయ్యా, మీరు లేకపోతే ఈ గొడవ ఇంకా నడుస్తూనే ఉండేది.

ఇంకో పని మిగిలింది. చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర సిమెంటు ఉండకూడదని 2013లో ఢిల్లీ విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మన రావిచెట్టుకైతే మాను దాకా సిమెంటే. తీయడానికి ఒప్పుకున్నారు. ఆదివారం ఆరింటికి మొదలుపెడదాం. గునపాలు రెండున్నాయి, తట్టలు కావాలి. వేర్లకు దెబ్బ తగలకుండా ఎలా తవ్వాలో ఆ పిల్లలే దగ్గరుండి చూపిస్తామన్నారు.