నర్సు గంట ఖరీదు లెక్కలోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెప్తాను. అవకాశ వ్యయం పాఠం వచ్చినప్పుడల్లా, మడిలో వరి వేస్తే ఆ మడిలో రావాల్సిన పత్తిని వదులుకున్నట్టేనని చెప్పేవాణ్ణి. పోయిన వానాకాలం మా అమ్మ తుంటి ఎముక విరిగి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంది. అప్పటి నుంచి పాఠంలో ఆ వార్డు గురించే చెప్తున్నాను.

రాత్రిపూట 40 మంచాలకు ఒక్క స్టాఫ్ నర్స్. పక్క మంచం పెద్దాయనకు సెలైన్ అయిపోయి పైపులోకి రక్తం ఎక్కుతుంటే సిస్టర్ కోసం ఉరికాను. ఆమె బల్ల దగ్గర ఇండెంట్, అంటే వార్డు సామాన్ల పట్టీ, రాస్తోంది: దూది ఎంత, సిరంజిలు ఎన్ని, మాసిన దుప్పట్లు ఎన్ని. తెల్లారేసరికి లెక్క తేలకపోతే మాట పడేది ఆమే. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఆమెకు తెలుసు, తిప్పే తీరికే లేదు. అమ్మకు నడుము కింద పుండు పడింది. 10 రోజుల్లో ఇంటికి రావాల్సిన మనిషి 23 రోజులు అక్కడే ఉంది. ఆ 13 రోజుల మందులు, డ్రెస్సింగులు, మంచం దొరక్క వెనక్కి పోయిన రోగులు, ఇవన్నీ దుప్పట్లు లెక్కపెట్టిన గంటల ఖరీదే. ఏ రిజిస్టర్‌లోనూ ఇది ఎక్కదు.

నర్సు పోస్టు ఖాళీగా ఉంటే జీతం మిగిలినట్టు కాగితం మీద కనిపిస్తుంది. నిజానికి అది మిగులు కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో ఒక నర్సుకు ఎంతమంది రోగులు మించకూడదో చట్టం చేసింది. రోగులు త్వరగా కోలుకుని ఇంటికెళ్లడం, మళ్లీ చేరాల్సిన పని తగ్గడం వల్ల ఆదా అయిన సొమ్ము, అదనపు నర్సులకైన ఖర్చుకు రెట్టింపు దాటిందని 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణమూ బోధనాసుపత్రి (మెడికల్ కాలేజీ ఆసుపత్రి) వార్డులో ముగ్గురు రోగులకు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలనే చెప్తుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలకు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎంతో సంతోషం. కానీ మంచాలు పెంచి నర్సుల్ని పెంచకపోతే, ఒక్క జత ఎడ్లతో ఇరవై ఎకరాలు దున్నమన్నట్టే.

కొత్త పోస్టులు పడేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. వార్డుకొక డేటా ఎంట్రీ ఆపరేటర్‌ను పెట్టి, ఇండెంట్లు, దుప్పట్ల లెక్క నర్సు చేతిలోంచి తీసేయాలి. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ దేనికెంత పెట్టాలో తేల్చే రోజున, ఏ వార్డులో ఏ వేళకు మనుషులు చాలడం లేదో నర్సింగ్ సూపరింటెండెంట్‌ను ముందు అడగాలి. డబ్బు పంచడం ఆ తర్వాత మొదలుపెట్టాలని జిల్లా కలెక్టర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అర్థశాస్త్రం లెక్చరర్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా