పార్కుల్లో ఆడవాళ్లకు బరువులు కావాలి

సంపాదకుల గారికి,

మన పురపాలక సంఘాలు పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు పెడుతున్నాయి. సంతోషమే. కానీ అక్కడి పరికరాలను ఒకసారి దగ్గరగా చూడండి. కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపే ఎయిర్ వాకర్, నిలబడి నడుము తిప్పే పళ్లెం, లాగితే మనిషితో సహా పైకి లేచే కుర్చీ. చాలావాటికి బరువు పెంచే వీలే లేదు. తొలిరోజు ఎంత బరువో ఆరు నెలల తర్వాతా అంతే. కీళ్లు కదలడానికి అవి పనికొస్తాయి కానీ కండబలం పెద్దగా రాదు. అలవాటైన దానికన్నా కాస్త ఎక్కువ బరువు పడితేనే కండ బలపడుతుంది. ఇంటి చాకిరీ అంతా చేస్తున్నాం కదా, మళ్లీ వ్యాయామం ఎందుకని అడిగేవారికీ ఇదే జవాబు. చాకిరీతో ఒళ్లు అలుస్తుంది, బరువు మాత్రం ఏళ్ల తరబడి అదే.

పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ పనిపెట్టే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. నడకకు ఇది అదనం. ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఎముక వేగంగా పలచబడుతుంది కాబట్టి ఆడవాళ్లకు ఇది మరీ అవసరం. బరువులెత్తితే మగవాళ్లలా కండలు తిరుగుతాయన్న భయం వద్దు. కండను అంతగా పెంచే టెస్టోస్టెరాన్ హార్మోన్ స్త్రీలలో పురుషుల్లో ఉండే దానిలో పదో వంతు కూడా ఉండదు. 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టర్ కర్ణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి మన దేశానికి ఒలింపిక్స్‌లో తొలి మహిళా పతకం తెచ్చారు. ఆమె శ్రీకాకుళం ఆడపడుచు. అలాంటి నేల మీద ఆడది బరువెత్తడాన్ని ఇంకా వింతగా చూస్తున్నాం.

కావలసినవి పెద్ద ఖర్చువేమీ కావు. 2 నుంచి 10 కిలోల దాకా డంబెళ్లు రెండేసి జతలు, ఒక కడ్డీ, దానికి 1.25, 2.5 కిలోల బిళ్లలు, మోకాలి ఎత్తు గట్టి బల్లలు, తాళం వేసుకునే గది. చిన్న బిళ్లలు తప్పక ఉండాలి. 5 కిలోల నుంచి ఒక్కసారిగా 10కి దూకమంటే కుదరదు, అక్కడే చాలామంది మానేస్తారు.

వీటన్నిటికన్నా ముఖ్యం నేర్పే మనిషి. నిండు గ్యాస్ బండ సుమారు 30 కిలోలుంటుంది. దాన్ని నడుము వంచి, వీపు గుండ్రంగా చేసి లాగే ఇల్లాలికి ముందు నేర్పాల్సింది తుంటి దగ్గర వంగడం. గోడకు అడుగు దూరంలో వీపు పెట్టి నిలబడాలి. మోకాళ్లు కొద్దిగా సడలించి, వెన్ను నిటారుగా ఉంచి, పిరుదులతో గోడను తాకడానికి వెనక్కి జరగాలి. తొడల వెనక పట్టినట్టయితే సరిగ్గా వచ్చినట్టు. నడుములో పట్టినట్టయితే వెన్ను వంగిందన్నమాట. ఇది కుదిరాక 5 కిలోల బియ్యం సంచి పాదాల మధ్య పెట్టుకుని అదే వంపుతో ఎత్తాలి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసే కటి అడుగు కండరాల మీద ఒత్తిడి పడుతుంది. కాన్పయిన వారికి బరువెత్తేటప్పుడు మూత్రం చుక్కలు పడితే ఆపేసి ఫిజియోథెరపిస్టును కలవాలి. సిగ్గుపడి దాచుకోవడం వల్ల అది ముదురుతుంది.

దీంతోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు దండీలు, ముందుకు వంగి డంబెల్‌ను నడుము దాకా లాగడం, తలపైకి ఎత్తడం చాలు. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు, మధ్యలో నిమిషన్నర విరామం. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి, భంగిమ మాత్రం చెడకూడదు. వరుసగా రెండు వ్యాయామ రోజుల్లో 12 సార్లు తేలిగ్గా వస్తే అతి చిన్న బిళ్ల పెంచాలి. అరకిలో డంబెల్‌తో యాభై సార్లు ఊపితే చెమట పడుతుంది, అంతకుమించి జరిగేది చాలా తక్కువ.

ఇక ప్రొటీన్ పొడి డబ్బాల సంగతి. బరువు ముట్టని వారికి కూడా ముందు డబ్బా అంటగడుతున్నారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువులెత్తితే కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే 66 నుంచి 88. నలుగురున్న ఇంట్లో నూరు గ్రాముల కందిపప్పు వండితే మనిషికొచ్చేది 5, 6 గ్రాములే. అందరూ తిన్నాక పైన తేలిన పప్పునీళ్లతో సరిపెట్టుకునే ఇల్లాలికి అదీ ఉండదు. ఆమె వంతు పప్పు 60 గ్రాములకు పెంచి, రెండు గుడ్లు, 400 మిల్లీలీటర్ల పాలు, పెరుగు, గుప్పెడు పల్లీలు, 30 గ్రాముల మీల్ మేకర్ కలిపితే అన్నంతో సహా 70 దాటుతుంది. అది తినలేకపోతే, లేదా గుడ్డు, సోయా పడకపోతే ఒక స్కూప్ వే ప్రొటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే పొడి) పనికొస్తుంది. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. నీరసమంతా ప్రొటీన్ లోపమనుకోవడమూ తప్పే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి.

కొనేవారు ముందువైపు బొమ్మ చూడకుండా వెనకవైపు 100 గ్రాములకు ప్రొటీన్ ఎంతో చూడాలి. వే కాన్సన్‌ట్రేట్ అనే మామూలు రకంలో సాధారణంగా 70-80 గ్రాములుంటుంది. ‘మహిళల కోసం’ అని అమ్మే డబ్బాల్లో 40 కూడా దాటనివి ఉన్నాయి, మిగతాది ఎక్కువగా చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం. అంకెను నమ్మడానికీ లేదు. మామూలు పరీక్ష ప్రొటీన్‌ను నేరుగా కొలవదు. నైట్రోజన్‌ను కొలిచి 6.25తో గుణిస్తుంది. నైట్రోజన్ ఉండే గ్లైసిన్, టారిన్ వంటి చవక పొడులు కలిపినా అంకె పెరుగుతుంది. 2024లో వెలువడిన ఒక అధ్యయనం మన మార్కెట్లోని 36 పొడులను పరీక్షిస్తే సుమారు 70 శాతం వాటిలో లేబుల్ మీది ప్రొటీన్ అంకె తప్పని తేలింది. అందుకే ఆహార భద్రతా అధికారులు తీసే నమూనాలకు అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌లోని చిన్న భాగాల) విడివిడి పరీక్ష కూడా చేయించాలి. విఫలమైన బ్యాచ్ నంబర్లు తెలుగులో ప్రకటించాలి.

పురపాలక కమిషనర్లను కోరేది ఒకటే. కొత్తగా ఎయిర్ వాకర్లకు టెండరు పిలిచే ముందు, ప్రతి నగరంలో రెండు పార్కుల్లో ఈ బరువుల గది పెట్టి, పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా శిక్షణ పొందిన మహిళా కోచ్‌ను ఉంచండి. డ్వాక్రా సంఘాల ద్వారా పేర్లు తీసుకోండి. చేరిన రోజున ఒక్కొక్కరూ ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో రాసుకుని, పన్నెండు వారాల తర్వాత మళ్లీ లెక్కపెట్టి ఆ అంకెలను గది తలుపు మీద అంటించండి.

ఇట్లు,
ఒక వ్యాయామ శిక్షకురాలు
విజయవాడ